యాభై కిలోమీటర్ల సైకిల్ యాత్రకు పన్నెండు వారాల సాధన

గుండె జబ్బుల వార్డు బయట బల్ల మీద కూర్చునే కుటుంబ సభ్యులు మా సిబ్బందిని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. మొదటి రెండు రోజులు ఎవరూ అడగరు. ఎలా ఉంది, ఎప్పుడు ఇంటికి పంపుతారు, ఖర్చు ఎంత అవుతుంది అన్నవే అప్పటి ప్రశ్నలు. మూడో రోజున రోగి లేచి కూర్చుని రెండు ఇడ్లీలు తిన్న తరువాత కొడుకో కూతురో మెల్లగా దగ్గరకు వచ్చి, "సిస్టర్, నాన్నగారికి యాభై రెండేళ్ళకే ఇలా అయింది కదా, మరి మాకు కూడా వస్తుందా?" అని అడుగుతారు.

ఇది అడగవలసిన ప్రశ్నే. తండ్రికి లేదా అన్నదమ్ములకు 55 ఏళ్ళ లోపు, తల్లికి లేదా అక్కచెల్లెళ్ళకు 65 ఏళ్ళ లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే, ఆ ఇంట్లో మిగతా వారికి కూడా ఆ జబ్బు వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. వంశాన్ని మనం మార్చుకోలేము. కాని పొగతాగడం, అధిక రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్, పెరిగిన పొట్ట, కదలిక లేని జీవితం, వీటిని మార్చుకోవడం మన చేతిలో ఉంది.

అయితే భయపడిన మనిషి ఒక్కోసారి ఇంకొక పొరపాటు చేస్తాడు. ఏళ్ళ తరబడి మెట్లు కూడా ఎక్కని వ్యక్తి వచ్చే ఆదివారమే స్నేహితుల సైకిల్ క్లబ్బుతో కలిసి యాభై కిలోమీటర్లు తొక్కడానికి బయలుదేరతాడు. సైకిల్ మంచిదే. క్లబ్బు మంచిదే. పొలాల మధ్య ప్రయాణమూ మంచిదే. కాని గుండెకు మేలు చేసేది ఆ ఒక్క రోజు యాత్ర కాదు, దానికి ముందు చేసే పన్నెండు వారాల సాధన. యాత్ర పరీక్ష వంటిది. సాధన చదువు వంటిది. చదవకుండా పరీక్షకు వెళ్ళకూడదన్నదే ఈ పాఠం.

సైకిల్ ఎందుకు?

1953లో ఇంగ్లండులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశారు. అందరూ ఒకే సంస్థలో, ఒకే రకమైన బస్సులలో పనిచేసేవారు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లు ఎక్కి దిగుతుంటాడు. గుండె జబ్బులు డ్రైవర్లలో ఎక్కువగా, కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం పట్టించుకునేలా చేసిన అధ్యయనాలలో ఇది మొదటి వరుసలోనిది.

రెండేళ్ళ తరువాత, 1955లో, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆ రోజుల్లో గుండెపోటు వచ్చిన వారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కారు. ఆయనకు వైద్యం చేసిన ప్రసిద్ధ గుండె వైద్యుడు పాల్ డడ్లీ వైట్ మాత్రం రోగిని క్రమంగా నడిపించాలని, మామూలు జీవితంలోకి తిరిగి తీసుకురావాలని చెప్పేవారు. ఆయన తాను కూడా సైకిల్ తొక్కేవారు, ఇతరులనూ తొక్కమనేవారు. బోస్టన్ నగరంలో నది ఒడ్డున ఉన్న సైకిల్ బాటకు తరువాత ఆయన పేరే పెట్టారు.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ముప్పై వేలకు పైగా ప్రజలను ఏళ్ళ తరబడి గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. పనికి సైకిల్ మీద వెళ్ళే వారితో పోలిస్తే, అలా వెళ్ళని వారిలో మరణాలు 39 శాతం ఎక్కువగా ఉన్నాయి. సైకిల్ తొక్కేవారికి ఇతర మంచి అలవాట్లు కూడా ఉండవచ్చు గనుక ఈ తేడా అంతా సైకిల్ వల్లనే అని చెప్పలేము. అయినా వయసు, పొగతాగడం వంటి అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా తేడా మిగిలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. సైకిల్‌తో ఇది సులువు. శరీర బరువు సీటు మోస్తుంది గనుక మోకాళ్ళ మీద భారం తక్కువ. నడిస్తే మోకాళ్ళు నొప్పి పుట్టే వారిలో చాలామంది సైకిల్ హాయిగా తొక్కగలరు. ఒక లోపం మాత్రం చెప్పుకోవాలి. బరువు ఎముకల మీద పడదు గనుక ఎముకల బలానికి సైకిల్ ఒక్కటే చాలదు. ముఖ్యంగా నలభై దాటిన స్త్రీలు నడక కూడా చేయాలి.

అలవాటు లేని శ్రమ ఎందుకు ప్రమాదం?

1993లో అమెరికాలో గుండెపోటు వచ్చి బ్రతికిన రోగులను, పోటు రావడానికి గంట ముందు ఏమి చేస్తున్నారని అడిగి తెలుసుకున్నారు. వారానికి ఒక్కసారి కూడా వ్యాయామం చేయని వారిలో, తీవ్రమైన శ్రమ చేసిన గంటలో గుండెపోటు అవకాశం మామూలు సమయం కంటే సుమారు 107 రెట్లు పెరిగింది. వారానికి ఐదు రోజులు లేదా అంతకంటే ఎక్కువ వ్యాయామం చేసే వారిలో అది 2.4 రెట్లు మాత్రమే.

ఈ అంకెలు చూసి బెదిరిపోవద్దు. ఏదో ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం అసలే చాలా స్వల్పం. దానిని ఎన్ని రెట్లు చేసినా ఎక్కువమందికి ఏమీ కాదు. కాని ఒకే శ్రమ ఒకరికి ప్రమాదంగాను, మరొకరికి రక్షణగాను ఎలా మారుతుందో ఈ అంకెలు చెబుతున్నాయి. ఇద్దరి మధ్య తేడా అలవాటే. అలవాటు ఒక్క ఆదివారంలో రాదు.

మన ఊరిలో సైకిల్ క్లబ్బులు

ఒకప్పుడు హైదరాబాద్‌లో సైకిల్ మామూలు మనిషి వాహనం. గంటకు ఇంత అని సైకిళ్ళు అద్దెకు ఇచ్చే దుకాణాలు వీధి వీధిన ఉండేవి. తరువాత స్కూటర్లు, కార్లు పెరిగాయి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో, ఆ తరువాత ఆఫీసులలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలూ పెరిగాయి. సైకిల్ పిల్లలకు, పాలవారికి, పేపరు కుర్రాళ్ళకు మాత్రమే మిగిలింది.

2007లో హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ మొదలైంది. ఆ తరువాత మరికొన్ని బృందాలు ఏర్పడ్డాయి. సెలవు రోజున తెల్లవారుజామున నగరం నిద్ర లేవకముందే బయలుదేరి గండిపేట, చిల్కూరు, శంకరపల్లి, చేవెళ్ళ వైపు వెళ్ళి రావడం వీరికి అలవాటు. బాగా అనుభవం ఉన్నవారు మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల వరకు వెళతారు. అది వికారాబాద్ దగ్గర, నగరానికి సుమారు 75 కి.మీ. దూరంలో ఉంది. పదమూడున్నర గంటలలో 200 కి.మీ. పూర్తి చేసే యాత్రలు కూడా ఉన్నాయి. అవి కొత్తవారికి కావు.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కి.మీ. సైకిల్ బాటను ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుండి కొల్లూరు వైపు మరొక భాగం. వాహనాల భయం లేకుండా నేర్చుకోవడానికి ఇటువంటి చోటు మేలు. వెళ్ళేముందు ఏ భాగం తెరిచి ఉందో, ప్రవేశం ఎక్కడో తెలుసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదకు, మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వెళ్ళే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదకు ద్విచక్ర వాహనాలను అనుమతించరు. సైకిల్‌తో పొరపాటున కూడా వాటిపైకి ఎక్కవద్దు.

ముందుగా డాక్టరును కలవవలసిన వారు

క్రింది వారిలో మీరు ఉంటే సాధన మొదలు పెట్టక ముందే డాక్టరుతో మాట్లాడండి.

1. ఇంతకు ముందు గుండెపోటు, స్టెంటు, బైపాస్ ఆపరేషన్, పక్షవాతం వచ్చిన వారు.
2. నడిచినప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం, కళ్ళు తిరగడం, గుండె దడ ఉన్నవారు.
3. రక్తపోటు అదుపులో లేనివారు. 180/110 లేదా అంతకు మించి ఉంటే అది తగ్గే వరకు సాధన వద్దు.
4. షుగరు వ్యాధి ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు. పాదాలకు పుండ్లు ఉన్నా, కంటి లోపలి పొరకు జబ్బు ఉన్నా తప్పక చెప్పాలి.
5. ఉబ్బసం, మూర్ఛ, కిడ్నీ జబ్బు ఉన్నవారు.
6. నలభై దాటి, ఇన్నాళ్ళు వ్యాయామం లేకుండా ఉండి, ఇంట్లో చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చిన చరిత్ర ఉన్నవారు.

ఆరో వరుస చదివి చాలామంది "నాకేమీ లేదు కదా" అంటారు. ఈ పుస్తకం చదువుతున్న మీలో అనేకులు ఆ వరుసలోని వారే. మీ నాన్నగారినో అమ్మగారినో చూడటానికి రోజూ ఆసుపత్రికి వస్తూనే ఉన్నారు. ఒక ఉదయం పరగడుపున వచ్చి మీ రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు కూడా చేయించుకోండి. డాక్టరు అవసరమనుకుంటే ఇ.సి.జి. తీయిస్తారు.

సైకిల్, సీటు, దుస్తులు

ఖరీదైన సైకిల్ అక్కరలేదు. బ్రేకులు పట్టాలి, టైర్లు అరిగిపోయి ఉండకూడదు, చైనుకు నూనె ఉండాలి. సీటు ఎత్తు సరిచూసుకోవడం ముఖ్యం. సీటు మీద కూర్చుని, పెడల్ బాగా క్రిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించండి. మోకాలు నిటారుగా ఉంటే ఎత్తు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాము గనుక మోకాలు కొంచెం వంగుతుంది. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది.

హెల్మెట్ తప్పనిసరి. సైకిల్ ప్రమాదాలలో తలకు, మెదడుకు తగిలే దెబ్బలను హెల్మెట్ 63 నుండి 88 శాతం వరకు తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. పట్టీ గడ్డం క్రింద బిగించకపోతే హెల్మెట్ పెట్టుకున్నా లాభం లేదు. ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం ఉండాలి. స్త్రీలు చున్నీని నడుముకు కట్టుకోవాలి, వదులు ప్యాంటు చివరలను రబ్బరు బ్యాండుతో బిగించాలి. చైనులోనో చక్రంలోనో బట్ట చిక్కుకుని పడిపోవడం తరచుగా జరిగే ప్రమాదం.

పన్నెండు వారాల సాధన

1, 2 వారాలు: వారానికి నాలుగు రోజులు, రోజుకు 15 నుండి 20 నిమిషాలు. కాలనీ లోపలి వీధుల్లోనే తొక్కండి.

3, 4 వారాలు: నాలుగైదు రోజులు, రోజుకు 30 నిమిషాలు.

5, 6 వారాలు: మామూలు రోజుల్లో 30 నుండి 40 నిమిషాలు. సెలవు రోజున 10 నుండి 12 కి.మీ. అమీర్‌పేట, పంజాగుట్ట వారికి తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు వరకు వెళ్ళి రావడం అనుకూలం.

7, 8 వారాలు: సెలవు రోజున 20 కి.మీ. లంగర్‌హౌస్ వరకు వెళ్ళి వస్తే ఇంచుమించు ఈ దూరం వస్తుంది.

9, 10 వారాలు: సెలవు రోజున 30 నుండి 35 కి.మీ.

11వ వారం: సెలవు రోజున 40 కి.మీ.

12వ వారం: మొదటి నాలుగు రోజులు తేలికగా, తరువాత ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఆ తరువాత యాత్ర.

ఎంత వేగంగా తొక్కాలి? పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాటకు మాటకు మధ్య ఊపిరి అందకపోతే తగ్గించండి. నాడి లెక్క పెట్టే పద్ధతి కూడా ఉంది. అయితే అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో శ్రమ పెరిగినా నాడి అంతగా పెరగదు. వారు నాడిని నమ్ముకోకుండా ఈ మాటల పరీక్షనే పాటించాలి.

జ్వరం వచ్చిన వారం ఆపండి. ఆసుపత్రిలో రాత్రంతా మేలుకున్న మరునాడు కూడా ఆపండి. ఒక వారం తప్పిపోతే వెనక్కు ఒక వారం జరిగి మళ్ళీ మొదలు పెట్టండి. పన్నెండు వారాలు పద్నాలుగు కావడం వల్ల నష్టమేమీ లేదు.

యాత్ర రోజు

ఈ యాత్రకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అమీర్‌పేట నుండి మృగవని జాతీయ పార్కు వరకు వెళ్ళి రావడానికి సుమారు 50 కి.మీ. అవుతుంది. గంటకు 12, 13 కి.మీ. చొప్పున తొక్కితే నాలుగు గంటలు, ఆగిన సమయంతో కలిపి అయిదున్నర గంటలు పడుతుంది.

ఉదయం 5.00 గంటలు. పరగడుపున బయలుదేరవద్దు. ఒక అరటిపండు, రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు నీళ్ళు చాలు. టైర్లలో గాలి, బ్రేకులు చూసుకోండి. జేబులో మీ పేరు, వాడే మందులు, ఇంటి ఫోన్ నెంబరు రాసిన కాగితం ఉంచుకోండి. గాలి పంపు, పంక్చర్ సామాను బృందంలో ఒకరి దగ్గరైనా ఉండాలి.

5.30 గంటలు. పంజాగుట్ట మీదుగా మాసాబ్ ట్యాంక్, మెహదీపట్నం వైపు సాగాలి. ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి గనుక వేగంగా తొక్కాలనిపిస్తుంది. మొదటి పదిహేను నిమిషాలు కావాలనే నెమ్మదిగా తొక్కండి. కండరాలకు, గుండె రక్తనాళాలకు సిద్ధం కావడానికి ఆ సమయం కావాలి. రోడ్డుకు ఎడమ వైపున ఒకరి వెనుక ఒకరుగా వెళ్ళండి. ఆగి ఉన్న కారు తలుపు అకస్మాత్తుగా తెరుచుకోవచ్చు, దూరంగా ఉండండి.

6.30 గంటలు, లంగర్‌హౌస్. సుమారు 11 కి.మీ. పూర్తయ్యాయి. ఇక్కడి బాపూ ఘాట్ దగ్గర మూసీ, ఈసీ నదులు కలుస్తాయి. 1948లో గాంధీజీ అస్థికలను నిమజ్జనం చేసిన చోటు ఇది. అయిదు నిమిషాలు దిగి నిలబడండి. చేతివేళ్ళు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద మరీ వాలుతున్నారని అర్థం. చేతులు మార్చి మార్చి పట్టుకోండి. దాహం వేయకపోయినా నాలుగైదు గుక్కల నీళ్ళు త్రాగండి. ప్రతి 15, 20 నిమిషాలకు 150 నుండి 200 మి.లీ. చాలు. మంచిది కదా అని లీటర్ల కొద్దీ త్రాగితే రక్తంలో ఉప్పు శాతం పడిపోయి అదీ ప్రమాదమే. నీళ్ళు కొలిచి త్రాగమని డాక్టరు చెప్పిన గుండె, కిడ్నీ రోగులు ఆ కొలతనే పాటించాలి.

7.30 గంటలు, గండిపేట. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరంలో వేలమందిని బలి తీసుకున్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మేరకు రెండు జలాశయాలు కట్టారు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్‌నే మనం గండిపేట అంటాము. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. ఈ చెరువులను కాపాడటానికి 1996లో 84 గ్రామాలలో నిర్మాణాలకు ఆంక్షలు పెట్టారు. 2022లో వాటిని సడలించారు. ఇంతకాలం ఆ ఆంక్షలు ఉండటం వల్లనే నగరానికి ఇంత దగ్గరలో ఇంకా కూరగాయల తోటలు, పూలతోటలు, చెట్లు కనిపిస్తాయి. ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగి ఏదైనా తినండి. ఆకలి వేసే వరకు ఆగవద్దు. అరటిపండు, ఖర్జూరం, పల్లీ చిక్కీ మంచివి. మిర్చి బజ్జీ, సమోసా తిరిగి వచ్చిన తరువాత కూడా అవసరం లేదు.

8.20 గంటలు, చిల్కూరు దగ్గర మృగవని. ఇది తిరుగు మలుపు. ఇక్కడ ప్రతి ఒక్కరూ తమను తాము ఒక ప్రశ్న అడగాలి. "వచ్చినంత దూరం తిరిగి వెళ్ళగలనా?" అనుమానంగా ఉంటే సిగ్గుపడకుండా ఆటో ట్రాలీ మాట్లాడుకుని సైకిల్ వేసుకుని రండి. ఎదురుగాలి, ఎండ, రెండూ లెక్కలో ఉండాలి. పైగా తిరుగు ప్రయాణంలో మెహదీపట్నం చేరేసరికి వాహనాల రద్దీ ఉంటుంది. కొత్తవారు సైకిళ్ళను ట్రాలీలో నార్సింగి వరకు తీసుకువెళ్ళి అక్కడి నుండి మొదలు పెట్టడం ఇంకా క్షేమం.

బృందంలో ఒక నియమం ఉండాలి. అందరికంటే నెమ్మదిగా తొక్కేవారి వేగమే బృందం వేగం. అనుభవం ఉన్న ఒకరు అందరికంటే వెనుక ఉండాలి. ఎవరినీ ఒంటరిగా వదలకూడదు. ఈ నియమం లేని బృందంతో మొదటి యాత్రకు వెళ్ళవద్దు.

ప్రమాద సూచనలు, ప్రథమ చికిత్స

*ఛాతీ నొప్పి:* ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చల్లని చెమటలు, వాంతి వచ్చినట్లు ఉండటం. షుగరు రోగులలో, స్త్రీలలో నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. వెంటనే దిగి కూర్చోవాలి. "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా త్రాగి మళ్ళీ తొక్కకూడదు. 108కు ఫోన్ చేయండి. 2005 నుండి పనిచేస్తున్న ఈ అంబులెన్స్ సేవ ఉచితం. ఊరి పేరు, దగ్గరలోని గుడి, బడి, పెట్రోలు బంకు వంటి గుర్తు చెప్పండి.

*షుగరు పడిపోవడం:* వణుకు, చెమట, తికమక, ఉన్నట్టుండి కోపం. రక్తంలో షుగరు 70 కంటే తగ్గిందని అర్థం కావచ్చు. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాల తరువాత తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేని వారి నోట్లో ఏమీ పోయకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు ఆ ఉదయం తొడకు ఇంజక్షన్ వేసుకోకూడదు. తొక్కేటప్పుడు తొడ నుండి మందు త్వరగా రక్తంలోకి చేరుతుంది. పొట్టకు వేసుకోవడం మేలు. మోతాదు ఎంత తగ్గించాలో ముందే డాక్టరును అడగండి. ఆ రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు, పడుకునే ముందు చూసుకోండి.

*వడదెబ్బ:* ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉంటే అది ప్రాణాపాయం. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. మొదట చల్లబరచాలి, వెంటనే 108కు ఫోన్ చేయాలి. మామూలు నీరసానికి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు.

*పడిపోవడం:* గీరుకున్న చోట సబ్బు నీళ్ళతో కడగండి. కాఫీపొడి, పసుపు, మట్టి పెట్టవద్దు. టి.టి. ఇంజక్షన్ గురించి అడగండి. తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులు, మగత, తగ్గని తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రక్తం పలుచబడే మందులు వాడేవారు తలకు చిన్న దెబ్బ తగిలినా రావలసిందే.

*కుక్కలు:* ఊరి మొదట్లో కుక్కలు వెంటబడితే వేగం పెంచవద్దు. దిగి, సైకిల్‌ను అడ్డుగా పెట్టుకుని మెల్లగా నడవండి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీళ్ళలో కడిగి, అదే రోజు టీకా మొదలు పెట్టించుకోండి.

రోగి దగ్గర ఎవరు ఉండాలి?

"ఇంట్లో మనిషి మంచంలో ఉండగా సైకిల్ తొక్కడానికి వెళ్ళడమా?" అని కొందరు బాధపడతారు. ఆ బాధ సహజమే. కాని రోగిని చూసుకునేవారు తమ తిండి, నిద్ర, మందులు మానేయడం మేము రోజూ చూస్తున్నాము. తల్లికి మాత్ర మరచిపోకుండా ఇచ్చే కూతురు తన బి.పి. మాత్ర మరచిపోతుంది. ఆరు నెలల తరువాత ఆమె కూడా రోగిగా వస్తే ఇద్దరినీ చూసేదెవరు?

రోజుకు అరగంట కుటుంబంలో వంతులు వేసుకోండి. అన్న ఉన్న అరగంట చెల్లెలు, చెల్లెలు ఉన్న అరగంట వదిన బయటకు వెళ్ళి రావచ్చు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు సైకిల్ అందుబాటులో లేకపోతే నడవండి. లిఫ్టు మాని మెట్లు ఎక్కండి. మొదటి వారం అక్కడే మొదలవుతుంది.

గుండెపోటు నుండి కోలుకున్న రోగికి కూడా సైకిల్ నిషిద్ధం కాదు. డాక్టరు అనుమతితో, పర్యవేక్షణలో మొదట నడక, తరువాత కదలకుండా ఒకే చోట ఉండే వ్యాయామ సైకిల్, ఆ తరువాత వీధిలో సైకిల్. కొందరు తండ్రులు కొన్ని నెలల తరువాత కొడుకుతో కలిసి కాలనీ చుట్టూ తొక్కగలుగుతారు. గండిపేట వరకు వెళ్ళకపోయినా అదీ యాత్రే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. మీ ఇంట్లో 55 ఏళ్ళ లోపు పురుషులకు, 65 ఏళ్ళ లోపు స్త్రీలకు గుండె జబ్బు వచ్చిందా?
2. మీ రక్తపోటు, షుగరు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? ఆ అంకెలు గుర్తున్నాయా?
3. ఈ వారం మీరు మొత్తం ఎన్ని నిమిషాలు నడిచారు లేదా తొక్కారు? 150కి ఎంత దూరంలో ఉన్నారు?
4. తొక్కేటప్పుడు ఛాతీలో బరువు అనిపిస్తే మొదట చేయవలసిన పని ఏమిటి?
5. రేపు ఏ సమయంలో మీకు అరగంట దొరుకుతుంది? ఆ సమయంలో రోగి దగ్గర ఎవరు ఉంటారు?

మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబులు ఈ పాఠంలోనో మీ రిపోర్టులలోనో దొరుకుతాయి. అయిదో ప్రశ్నకు జవాబు మాత్రం ఈ సాయంత్రమే ఇంట్లో వారితో మాట్లాడి నిర్ణయించుకోండి.